ఒట్టు విడిపించే మూడు కుర్చీలు

వీరేశానిది కుర్చీలు వేసే ఉద్యోగం. నవ్వకండి, నిజంగానే అదే. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో యూదుల సినగాగ్ ఒకటుంది, అంటే వాళ్ల ప్రార్థనా మందిరం. దానికి అతను ఏడేళ్లుగా కేర్‌టేకర్. తాళాలు తీయడం, ఊడవడం, బల్బు పోతే మార్చడం, గేటు దగ్గర వచ్చేవాళ్లను చూసి లోపలికి వదలడం, వీటన్నిటికీ మించి ఏ రోజు ఏ పండగో కనుక్కుని దానికి తగ్గట్టు కుర్చీలు సర్దడం. ఏ పెద్దాయనకు కాలు చాపుకునే చోటు కావాలో, ఏ ఆంటీ ఏ ఆంటీ పక్కన కూర్చోదో కమిటీ వాళ్లకన్నా అతనికే బాగా తెలుసు.

మనిషిది జగిత్యాల దగ్గర. పదహారేళ్ల కిందట బిజినెస్ డిప్లొమా అని వచ్చాడు. ఆ డిప్లొమా ఎందుకు పనికొచ్చిందని ఎవరైనా అడిగితే "ఫ్రేం కట్టించిన" అంటాడు. తోటల్లో కివీపళ్లు కోశాడు, పెట్రోల్ బంకులో నిలబడ్డాడు, సూపర్‌మార్కెట్లో అరలు సర్దాడు, చివరికి ఇక్కడ కుదిరాడు. భార్య కిరణ్మయి డేకేర్‌లో పిల్లల్ని చూసుకుంటుంది. కూతురు సిరికి పదమూడేళ్లు. ఆక్లండ్ శివారు హెండర్సన్‌లో అద్దె ఇల్లు. వీరేశానిది గుండ్రటి మొహం, కుడి చెంప మీద సొట్ట, నవ్వితే కళ్లు పూర్తిగా మూసుకుపోతాయి. ఊళ్లో ఎవరు చూసినా "అచ్చం మీ అమ్మ మొహమేరా నీది" అనేవారు. ఆ మాట అనగలిగినవాళ్లు ఈ దేశంలో ఒక్కరే ఉన్నారు, హామిల్టన్‌లో, అతని అక్క కుసుమ. ఆవిడతో ఐదేళ్లుగా మాటల్లేవు.

ఆ గొడవ చెప్పే ముందు సినగాగ్ సంగతి కాస్త చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది మీకు పిచ్చి పనిలా కనిపిస్తుంది.

చేరిన కొత్తలో ఓ రోజు లోపలినుంచి కాళ్లతో నేల బాదుతున్న చప్పుడు, గిలకల మోత, కేకలు. కొట్టుకుంటున్నారనుకుని వీరేశం మాప్ కర్ర పట్టుకుని లోపలికి ఉరికాడు. తీరా చూస్తే పండగ! ఎప్పుడో పర్షియా దేశంలో యూదులందర్నీ చంపించాలని చూసిన మంత్రి ఒకడున్నాడట. ఏటా ఆ కథ చదువుతారు. వాడి పేరు వచ్చినప్పుడల్లా అది వినపడకుండా చేయాలని పిల్లా పెద్దా గోల చేస్తారు. లెవెన్ అని ఎనభై నాలుగేళ్ల పెద్దాయన, ఒకప్పుడు బూట్ల షాపు నడిపినవాడు, తన బూటు అడుగు తిప్పి చూపించాడు. అక్కడ సుద్దముక్కతో ఆ మంత్రి పేరు రాసి ఉంది. తొక్కీ తొక్కీ సగం చెరిగిపోయింది. "నీ కర్ర కూడా బాగానే చప్పుడు చేస్తుంది, వీర్. వచ్చి నిలబడు" అన్నాడాయన.

అప్పట్నుంచి ఆ ముసలాయనకూ వీరేశానికీ దోస్తీ కుదిరింది. ఏ వింత చూసినా వీరేశం వెళ్లి అడగడం, ఆయన చెప్పడం. ఉపవాసం నాడు అంత ఖరీదైన సూట్లు వేసుకుని కాళ్లకు రబ్బరు హవాయి చెప్పులు ఎందుకు? దయ చూపించమని దేవుణ్ణి అడిగే రోజున ఇంకో ప్రాణి తోలు తొడుక్కుని ఎట్లా వస్తాం అంటారట. ఇంకో పండగ చివర్లో విల్లో అనే చెట్టు కొమ్మలు కట్టగట్టి నేలకేసి ఎందుకు కొడతారు? ఆ ఆకులన్నీ ఊడ్చేది తనే కాబట్టి వీరేశం ఈ ప్రశ్న కాస్త కోపంగానే అడిగాడు. ఆ కొమ్మకు రుచీ లేదు, వాసనా లేదు. చదువూ లేని, పుణ్యమూ చేయని మనిషికి గుర్తు. ఏడు రోజులూ మిగతా మంచి మంచి కొమ్మల మధ్య దాన్ని కూడా కలిపే పట్టుకోవాలి, అది లేకపోతే కట్ట చెల్లదు. చివరి రోజు దాన్నే నేలకు కొడతారు, ఆకులతోపాటు పాపాలూ రాలిపోవాలని. వీరేశానికి ఆ కొమ్మ మీద ఎక్కడలేని అభిమానం పుట్టింది. ఆ ఏడు ఆకులు ఊడుస్తూ విసుక్కోలేదు.

అన్నిటికన్నా అతని మనసుకు పట్టింది ఇంకోటి. పూజారుల వంశంవాళ్లు ముందుకొచ్చి, తల మీదుగా తెల్లటి శాలువా కప్పుకుని, చేతులు చాచి అందర్నీ దీవిస్తారు. ఆ సమయంలో వాళ్లను ఎవరూ చూడరు. తలలు దించుకుంటారు. తండ్రులు పిల్లల్ని తమ శాలువా కిందికి లాక్కుంటారు. దీవెన ఆ మనుషులది కాదు, వాళ్లమీదుగా వచ్చేది, అందుకని మొహాలు చూడకూడదట. వెనక తలుపు దగ్గర నిలబడే వీరేశం కూడా అప్పుడు తల దించుకునేవాడు. మొహం చూడకుండా ఉండటానికి ఇంత మంచి కారణం కూడా ఉంటుందా అనుకునేవాడు. అతనికి తెలిసిన కారణం వేరే మరి.

ఇప్పుడు కుసుమ సంగతి. వీరేశం కన్నా ఆరేళ్లు పెద్ద. హామిల్టన్‌లో వృద్ధుల్ని చూసుకునే రెస్ట్ హోమ్‌లో పనిచేస్తుంది. తమ్ముణ్ణి ఈ దేశానికి రప్పించింది ఆవిడే, రెండేళ్లు ఇంట్లో ఉంచుకుని అన్నం పెట్టిందీ ఆవిడే. చలికి వణుకుతుంటే తన రజాయి ఇచ్చేసి తను శాలువా కప్పుకుని పడుకునేది. అట్లాంటి మనిషి.

కోవిడ్ మొదటి సంవత్సరం ఆగస్టులో అమ్మ కరీంనగర్ ఆస్పత్రిలో పదకొండు రోజులుండి పోయింది. విమానాల్లేవు. దేశం తలుపులు మూసుకుని ఉంది. ఆక్లండ్ చుట్టూ కూడా పోలీసులు దారి మూసి పెట్టారు. అమ్మకు బాగాలేదన్న సంగతి కుసుమకు మొదటి రోజునుంచీ తెలుసు. రోజూ వీడియోలో మాట్లాడింది కూడా. తమ్ముడికి మాత్రం చెప్పలేదు. వీరేశానికి తెలిసింది అంతా అయిపోయాక, ఊరి వాట్సప్ గ్రూపులో దండ వేసిన ఫోటో చూసి. చెప్పొద్దూ, ఎవరికైనా గుండె మండుతుంది.

దారి తెరిచిన రోజే పెళ్లాం బిడ్డల్ని ఎక్కించుకుని హామిల్టన్ వెళ్లాడు. ఎందుకు చెప్పలేదని అడిగాడు. కుసుమ ఏడ్చింది గానీ జవాబు చెప్పలేదు. పదిసార్లు అడిగినా అదే. "వీడియోల చూపిస్తె సచ్చిపోదువానే? అమ్మ నీ ఒక్కదానికేనా?" అని అరిచాడు. చివరికి గుమ్మంలో నిలబడి ఆ మాట అనేశాడు: "ఇగ నీ గడప తొక్కితే నా బిడ్డ మీద ఒట్టు."

కుసుమ కూడా తక్కువ తినలేదు. "పోయిన అమ్మ మీద ఒట్టు, ఇగ నీ మొహం చూడ" అంది.

అంతే. ఒక్క నిమిషంలో రెండు ఒట్లు. అప్పుడు సిరికి ఎనిమిదేళ్లు. కారులో కూర్చుందనుకున్నారు.

కోపం ఏడాదికే చల్లారింది. ఒట్టు చల్లారలేదు. కొండగట్టు అంజన్నను నమ్మిన ఇంట్లో పుట్టినవాడు, బిడ్డ నెత్తి మీద పెట్టిన ఒట్టు తప్పుతాడా? సిరికి కాస్త జ్వరమొచ్చినా, అక్కను తలుచుకున్నందుకే వచ్చిందేమోనని భయపడేవాడు. కిరణ్మయి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. "ఒట్టు తీసి గట్టున పెట్టు, పోయొద్దాం" అనేది. "నీకేం, నోటితోటి అంటవు. గట్టు మీద పెట్టినంక అది గట్టు మీదనే ఉంటదని ఎవరు చూసిన్రు?" అనేవాడు.

ఈ ఏడు సెప్టెంబర్‌లో, కుసుమ కూతురు శ్రీజ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "మామా, మేం పర్త్‌కు షిఫ్ట్ అవుతున్నం. నాన్నకు అక్కడ జాబ్ దొరికింది. శుక్రవారం ఫ్లైట్. అమ్మకు చెప్పకుండ పంపుతున్న." దానికింద ఏడుపు మొహం బొమ్మ ఒకటి. ఈ దేశంలో సగం మంది ఆస్ట్రేలియా వెళ్తూనే ఉంటారు, వింతేం కాదు. వీరేశం మాత్రం ఆ మెసేజ్ నలభైసార్లు చదివాడు. శుక్రవారం దాటితే ఆ గడపే ఉండదు. అక్కా ఉండదు. అన్నం పెట్టిన మనిషి సముద్రం దాటి వెళ్లిపోతుంది, తను ఇక్కడ కుర్చీలు సర్దుకుంటూ ఉంటాడు.

"ఆ ఇల్లు ఖాళీ జేస్తే ఆ గడప మీది ఒట్టు గూడ పోయినట్టే గదా" అంది కిరణ్మయి.

"ఒట్టు పోతది. అక్క గూడ పోతది" అన్నాడు వీరేశం.

అది ఆదివారం. తెల్లారి సోమవారం యూదుల కొత్త సంవత్సరానికి ముందు రోజు. ఆ నెలంతా పొద్దున్నే పొట్టేలు కొమ్ము ఊదుతారు, ఆ ఒక్క రోజు ఊదరు. కొత్త సంవత్సరం నాడు దేవుడు తీర్పు చెప్తాడట, ఆ తీర్పు రోజు ఎప్పుడో తెలియక సైతాను తికమకపడాలని. అందుకని మందిరం ఆ పొద్దున చాలా నిశ్శబ్దంగా ఉంటుంది. ప్రార్థన కాగానే వీరేశం అలవాటు ప్రకారం మూడు కుర్చీలు వరసగా వేశాడు. ఏటా ఆ రోజు వేస్తాడు. ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుంటారు, ఒకాయన ఎదురుగా నిలబడి పుస్తకం చూసి ఏదో చదువుతాడు, వీళ్లు ఏదో మూడుసార్లు అంటారు. తర్వాత నిలబడ్డాయన వచ్చి కుర్చీలో కూర్చుంటాడు, కూర్చున్నవాళ్లలో ఒకాయన లేచి నిలబడతాడు. అట్లా అందరి వంతూ వస్తుంది. ఏడేళ్లుగా వీరేశం అది కమిటీ ఎలక్షన్ అనుకుంటున్నాడు. పోయినేడు కొత్త ట్రెజరర్ ఎవరని కూడా అడిగాడు, అందరూ నవ్వితే ఎందుకో అర్థం కాలేదు.

ఈసారి మనసు బాగాలేక అక్కడే నిలబడిపోయాడు. అంతా అయ్యాక లెవెన్ గారి దగ్గరికి వెళ్లి అడిగాడు, మీరు మూడుసార్లు ఏమంటారని.

"విడుపు అంటాం. నీకు విడుపు, నీకు విడుపు, నీకు విడుపు" అన్నాడాయన. "ఏడాది పొడుగునా మనిషి ఏవేవో ఒట్లు పెట్టుకుంటాడు. వాటిని మోసుకుంటూ కొత్త సంవత్సరంలోకి వెళ్లకూడదని విప్పించుకుంటాం. తన ముడి తను విప్పుకోలేడు కదా, అందుకని ముగ్గురు కావాలి."

వీరేశం కుర్చీ వీపు పట్టుకుని, వచ్చీరాని మాటల్లో, అక్క సంగతి మొత్తం చెప్పేశాడు. ఏడేళ్లలో ఆ మందిరంలో అతను అంతసేపు మాట్లాడింది అదే మొదలు. చివర్న అన్నాడు: "నాది కూడా విప్పుతారా?"

ముసలాయన చేతిలోని పుస్తకం చూపించాడు. "నీ ఒట్టు మీద నాకు అధికారం లేదు, వీర్. ఈ పుస్తకం మా వాళ్ల కోసం రాసింది. అధికారం ఉన్నట్టు నటిస్తే అబద్ధమవుతుంది, అదీ తీర్పు రోజుకు ముందు రోజున. నన్ను ఇరికించకు" అన్నాడు. వీరేశం మొహం పడిపోవడం చూసి, చెయ్యి పట్టి కుర్చీలో కూర్చోబెట్టాడు. "కానీ ఎట్లా చేస్తామో చెప్తాను, విను. ముగ్గురూ పండితులే కానక్కర్లేదు, నేను బూట్లు అమ్ముకున్నవాణ్ణి. నీ మేలు కోరేవాళ్లయితే చాలు. వాళ్లు నిన్నొక ప్రశ్న అడగాలి. ఆ రోజు నీకు తెలియని సంగతి ఏదైనా ఉంటే, అది అప్పుడే తెలిసుంటే ఆ ఒట్టు పెట్టుకునేవాడివా? లేదు అని నువ్వు నిజంగా చెప్పగలిగితే, ఇక ఆ ముడి విప్పొచ్చు. ఇంకొకటి. మనిషికిచ్చిన మాటకు ఇది పనికిరాదు. దానికి ఆ మనిషి దగ్గరికే వెళ్లాలి."

"నాది బిడ్డ తల మీద పెట్టిన ఒట్టు, మిస్టర్ లెవెన్. దానికే భయం."

"ఎవరి తల?"

"నా కూతురిది."

"ఆ పిల్లనెప్పుడైనా అడిగావా?"

వీరేశానికి ఐదేళ్లలో ఆ ఆలోచనే రాలేదు.

మంగళ, బుధవారాలు పండగ. మందిరం నిండిపోయింది. కుర్చీలు చాలక పక్క హాల్లోంచి మోశాడు. కొమ్ము వంద సార్లు ఊదారు. దీవెన వేళకు అందరూ తలలు దించుకున్నప్పుడు వీరేశం కళ్లు మూసుకుని అక్క మొహం గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. నుదుటి మీది చిన్న మచ్చ కుడివైపో ఎడమవైపో గుర్తు రాలేదు. దాంతో నిర్ణయం అయిపోయింది.

గురువారం పొద్దున్నే సెలవు పెట్టాడు. బయట వాన. ఇంట్లో టీవీ ముందు మూడు కుర్చీలు వేశాడు, రెండు డైనింగ్ టేబుల్‌వి, ఒకటి పెరట్లో ప్లాస్టిక్‌ది. ఒకదాంట్లో కిరణ్మయిని కూర్చోబెట్టాడు. రెండోదాంట్లో వీధి మలుపులో డైరీ షాపు, అంటే పాలూ బ్రెడ్డూ అమ్మే చిల్లర కొట్టు, నడిపే తెనాలి సుబ్బారావు గారు. ఆయన భార్యకు షాపు అప్పగించి, పాలప్యాకెట్టు చేతిలో పెట్టుకునే వచ్చాడు.

"అదేంటయ్యా వీరేశం, ఒట్టు తీసి గట్టున పెట్టెయ్ అంటే పోయేదానికి సుప్రీంకోర్టు పెట్టావేంటి? పైగా జడ్జీల్లో ఒకడికి ప్లాస్టిక్ కుర్చీ! నీకు నేనంటే అంత లోకువైపోయానా?"

"అంకుల్, నవ్వులాట గాదు. మీరు మా మంచి కోరేటోళ్లు, అందుకే పిలిచిన."

"సరే సరే, కూర్చున్నాగా. మూడో జడ్జి ఎవరూ?"

వీరేశం లోపలికి వెళ్లి సిరిని పిలిచాడు. స్కూలు సెలవులు కదా, ఇంకా దుప్పట్లోనే ఉంది. కళ్లు నులుముకుంటూ వచ్చిన పిల్లకు అంతా చెప్పాడు. తను ఒకనాడు కోపంలో ఆమె తల మీద ఒట్టు పెట్టిన సంగతి, ఇప్పుడు విడిపించుకోవాలనుకుంటున్న సంగతి, ముగ్గురిలో ఒకరు ఆమె కావాలన్న సంగతి. కొత్త వార్త విన్నట్టు ఆ పిల్ల అసలు ఆశ్చర్యపోలేదు.

సిరి మూడో కుర్చీలో కూర్చుంది. వీరేశం ఎదురుగా నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒట్టు మాట ఉన్నదున్నట్టు పైకి చెప్పాడు. తర్వాత వాళ్లు అడగాల్సిన ప్రశ్న కూడా తనే చెప్పాడు.

"ఏం తెలిసుంటే పెట్టకపోదువు?" అని కిరణ్మయి మొదలుపెట్టబోయింది.

"అమ్మా, నేను అడుగుత" అంది సిరి. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడటం తక్కువ. ఒక్కో ముక్కా వెతుక్కుంది. "డాడీ, ఆ రోజు నేను కార్ల లేను. షూస్ మర్చిపోయిన. అత్త వాళ్ల ప్యాసేజ్‌ల ఉన్న. నువ్వన్నది నేను విన్న."

కిరణ్మయి కూతురి వైపు తిరిగింది.

"నువ్వు అత్త ఇంటికి పోతే ఐ విల్ డై అనుకున్న. చాలా రోజులు అనుకున్న. స్కూల్ క్యాంప్‌కు రోటొరువా పోయినం కదా, బస్‌ల హామిల్టన్ బోర్డ్ వస్తే నా తల ఇట్ల పట్టుకున్న." రెండు చేతులతో తల పట్టుకుని చూపించింది. "ఇప్పుడు అనుకోను. కానీ బోర్డ్ వస్తే చేతులు అవే వస్తయి. డాడీ, నేను విన్న అని నీకు తెలిస్తే, నువ్వు ఆ ఒట్టు పెడుదువా?"

వీరేశం అక్కడే కార్పెట్ మీద కూలబడ్డాడు. బిడ్డకేమవుతుందోనని ఐదేళ్లు అక్కను వదులుకున్నాడు. అసలు ఆ ఒట్టు బిడ్డనే పట్టుకుని కూర్చుంది, తన ఇంట్లోనే, తన కళ్ల ముందే. "పెట్టకపోదును బిడ్డా. నీ కాళ్లు మొక్కుత, పెట్టకపోదును" అని పసిపిల్లాడిలా ఏడ్చాడు.

సుబ్బారావు గారు పాలప్యాకెట్టు కింద పెట్టేసి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నీకు విడుపు" అన్నాడు ముందుగా. కిరణ్మయి అంది. సిరి అంది. మూడుసార్లూ ముగ్గురూ అన్నారు. మూడోసారి సిరి కుర్చీ దిగి, తండ్రి చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకుంది. "సీ? ఏం కాలే" అంది.

పది గంటలకు కారు ఎక్కారు. ఆక్లండ్ అంచున ఉన్న బాంబే కొండలు దాటాక వాన ఆగింది. రోడ్డు పక్క పచ్చిక మీద గొర్రెపిల్లలు తల్లుల వెనక పరిగెత్తుతున్నాయి. హామిల్టన్ బోర్డు కనపడ్డప్పుడు వీరేశం అద్దంలో వెనక్కు చూశాడు. సిరి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుని ఉంది. నవ్వింది గానీ చేతులు మాత్రం తీయలేదు.

ఆ ఇంటి ముందు మూవర్స్ ట్రక్కు అప్పుడే వెళ్లిపోతోంది. తలుపు బార్లా తెరిచి ఉంది. శ్రీజ బయటికి వచ్చి మామను చూసి "అమ్మా!" అని ఒక్క కేక పెట్టింది. లోపల హాల్లో చీపురు పట్టుకుని ఉన్న కుసుమ టక్కున చున్నీ తల మీదుగా మొహం కిందిదాకా లాక్కుంది. వీరేశం మెట్టెక్కి గుమ్మం దగ్గరికి వచ్చాడు. న్యూజిలాండ్ ఇళ్లకు గడపేముంటుంది, ఓ అల్యూమినియం పట్టీ. అతని కాలు ఆ పట్టీ మీదికి లేచింది.

"ఆగు! అడుగు పెట్టకు!" అని అరిచింది కుసుమ.

వీరేశం కాలు గాల్లోనే ఆగిపోయింది. మొహం నల్లబడింది. ఇంత దూరం వచ్చింది ఈ మాట పడటానికా అనుకున్నాడు.

"నీకు తెల్వి ఉన్నదారా? బిడ్డ మీద ఒట్టు పెట్టి ఎట్ల తొక్కుతవు? పొల్లకేమన్న అయితే? అందుకే గదా ఐదేండ్లు ఒక్కసారన్న రమ్మని అనలే నేను! ఆన్నే ఉండు, చెప్పేదేదో ఆన్నుంచే చెప్పు!" అంది చున్నీ వెనకనుంచే.

సిరి తండ్రిని దాటుకుని ముందుకొచ్చింది. "అత్తా, నా తల నాదే కదా. నేను తీసేసిన. ఇట్స్ ఓకే" అంటూ తండ్రి మోచెయ్యి పట్టి ఆ పట్టీ దాటించింది.

లోపల ఒక్క కుర్చీ కూడా లేదు. సామానంతా వెళ్లిపోయింది. మిగిలినవి విమానంలో వెంట తీసుకెళ్లే మూడు అట్టపెట్టెలు. వీరేశం చేతులు ఊరుకోలేదు, వాటిని వరసగా సర్దాడు. జరిగినదంతా చెప్పాడు, ముసలాయన సంగతి, కుర్చీల సంగతి, సిరి అడిగిన ప్రశ్న. "ఒట్టు విడిపించుకున్నోడు పోయి కుర్చీల కూసుంటడే అక్కా. తర్వాతోళ్లకు ఆయన విడిపిస్తడు. ఇప్పుడు మేం ముగ్గురం ఉన్నం. నువ్వు నిలబడు."

ఒక పెట్టె మీద అతను, ఇంకోదాని మీద కిరణ్మయి, మూడోదాని మీద సిరి కూర్చున్నారు. వంటింటి గిన్నెలున్న పెట్టె వీరేశం బరువుకు లోపలికి కుంగింది. కుసుమ మొహం కప్పుకునే ఎదురుగా నిలబడింది. చీపురు ఇంకా చేతిలోనే ఉంది.

"నీ మొహం చూడనని పోయిన అమ్మ మీద ఒట్టు పెట్టుకున్న" అంది మెల్లగా.

"ఏం తెలిసుంటే పెట్టకపోదువే?"

"ఐదేండ్లంటే ఇంత పొడుగుంటదని తెలిస్తే పెట్టకపోదునురా."

ముగ్గురూ మూడుసార్లు విడుపు చెప్పారు. అయినా ఆవిడ చున్నీ తీయలేదు. ఏమైందని కిరణ్మయి అడిగింది. "ఇంకోటున్నది కిరణ్మయీ. అది ఒట్టు గాదు, అమ్మకిచ్చిన మాట. వానికి ఆనాడు ఎందుకు చెప్పలేదో, అది చెప్పద్దని అమ్మనే మాట తీసుకున్నది. అందుకే వాడు పదిసార్లు అడిగినా నోరు తెరవలే. అది ఎవరు విడిపిస్తరు?"

వీరేశానికి తను అరిచిన అరుపులన్నీ, అక్క నోరు మూసుకుని పడ్డ ఏడుపంతా ఒక్కసారిగా గుర్తొచ్చాయి. మనిషికిచ్చిన మాటకు ఆ మనిషి దగ్గరికే వెళ్లాలని లెవెన్ గారు అన్నారు. "మనిషికి ఇచ్చిన మాట మేం విడిపియ్యరాదే అక్కా. ఆ మనిషినే అడగాలంట. అమ్మనెక్కడ అడుగుతం?" అన్నాడు.

కుసుమ చీపురు గోడకు ఆనించింది. చున్నీ రెండు చేతులతో పట్టుకుని వెనక్కు తీసేసింది. నుదుటి మీద మచ్చ ఎడమవైపు ఉంది. వీరేశం ముందు మోకాళ్ల మీద కూర్చుని, అతని గడ్డం పట్టి పైకెత్తి, కళ్లార్పకుండా చూసింది. చెంపలు చూసింది, కళ్లు చూసింది.

"అమ్మా" అంది ఆ మొహాన్ని చూస్తూ. "ఇగ చెప్పాల్నా వీనికి?"

వీరేశం, తనలో ఎవరు ఊపించారో తెలియదు, తల ఊపాడు.

"ముక్కుల పైపులు పెట్టిన్రు తమ్మీ. మొహమంత ఉబ్బి, నేనే గుర్తు పట్టలే. నిన్ను వీడియోల పిలుస్తనంటే వద్దని చేతులతోటి కొట్టుకున్నది. 'గీ మొహం వానికి చూపియ్యకు బిడ్డా. వానిది నా మొహమే. అద్దంల చూసుకున్నప్పుడల్ల గిదే యాదికొస్తది వానికి. నవ్వే మొహమే ఉండాలె. నేనిట్ల అన్ననని గూడ చెప్పకు' అన్నది. గంతే. గదేరా నేను దాచింది."

వీరేశం అక్క భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. ఆవిడ వీపు నిమురుతూనే ఉంది. కిరణ్మయి, పిల్లలిద్దరూ కూడా ఏడ్చారు, ఖాళీ ఇల్లు కదా, పెద్దగా వినపడింది.

కాసేపటికి కుసుమ తమ్ముడి మొహం తన చున్నీతో తుడిచింది.

"ఒక్కసారి నవ్వరా" అంది.

ఏడుపు మధ్యలో నవ్వు ఎట్లా వస్తుంది? అయినా అక్క అడిగిందని నవ్వాడు. చెంప మీద సొట్ట పడింది, కళ్లు మూసుకుపోయాయి.

"అగో, అమ్మ" అంది కుసుమ.